“అయిపోయింది కదా!” అనేవారితో నా పేచీ

రొమ్ము క్యాన్సరుకు చికిత్స ఎప్పుడు ముగుస్తుంది? ఈ ప్రశ్నకు మన సమాజం దగ్గర తడుముకోనక్కరలేని జవాబొకటి ఉన్నది. ఆఖరి రేడియేషను నాడు ముగుస్తుందట! శస్త్రచికిత్స అయింది, కీమో అయింది, రేడియేషను అయింది, జుట్టు మళ్ళీ మొలుస్తున్నది, ఇంకేం కావాలి? “అయిపోయింది కదా అక్కా, ఇంక దాని ఊసెందుకు?” అని ఇరుగుపొరుగు. “అయిపోయింది కదా, ఇంకా ఈ గోలీలేమిటి?” అని అత్తవారు. “అయిపోయింది కదా, మళ్ళీ సెలవెందుకు?” అని పై అధికారి. ముగ్గురిదీ ఒకటే వాక్యం. ఆ వాక్యం తప్పు. అది ప్రాణం మీదికి తెచ్చే తప్పు. మన ఇళ్ళలోనే కాదు, మన ఆరోగ్య వ్యవస్థ నడిచే తీరులో కూడా ఆ వాక్యమే పనిచేస్తున్నదని ఈ టపాలో నా వాదం.

చెప్పడానికి నీకేమి అర్హత అని అడిగేవారికి ముందే మనవి చేస్తాను. జహీరాబాదులో తెలుగు పంతులమ్మను. ‘చికిత్స’ అనబడేది ముగిసి నాకు ఆరేళ్ళయింది. రాత్రి భోజనమయ్యాక ఒక చిన్న మాత్ర ఇప్పటికీ వేసుకుంటున్నాను. ఇంతకు మించి నా కథ ఇక్కడ చెప్పబోను. కన్నీరు పెట్టించే కథలు పత్రికల్లో కావలసినన్ని వచ్చాయి. వాటన్నిటికీ ముగింపు ఒకటే: ఆమె క్యాన్సరును జయించింది. నా పేచీ సరిగ్గా ఆ ముగింపుతోనే.

పాత బ్లాగు మిత్రులకు ఇంకొక మాట. కూడలిలో, జల్లెడలో ఒకరి టపాలు ఒకరం వెతుక్కొని చదువుకున్న రోజుల్లో మనలో చాలామంది ముప్పైలలో ఉన్నవాళ్ళం. ఇప్పుడు మనమూ, మన అక్కచెల్లెళ్ళూ, వదినామరదళ్ళూ ఈ జబ్బు కనబడే వయసుకు వచ్చాం. కనుక ఇది పరాయి ఊరి సంగతి అనుకోకుండా చదవమని ప్రార్థన.

ముందు ఆ మాత్ర సంగతి. రొమ్ము క్యాన్సర్లన్నీ ఒక జాతివి కావు. వాటిలో సగానికి పైగా ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఊతంతో పెరిగేవి. ఆ ఊతాన్ని తెంచడానికి ఇచ్చే మాత్రలు రెండు రకాలు. టామాక్సిఫెన్ ఒకటి. ముట్లుడిగినవారికి ఎక్కువగా ఇచ్చే లెట్రొజోల్, అనాస్ట్రొజోల్ వంటివి రెండో రకం. ఏదైనా సరే రోజూ వేసుకోవాలి, కనీసం ఐదేళ్ళు. ఈ రకం క్యాన్సరున్నవారు ఐదేళ్ళు టామాక్సిఫెన్ వాడితే జబ్బు తిరగబెట్టడం ఐదింట రెండు వంతుల దాకా తగ్గుతుందనీ, పదిహేనేళ్ళ లెక్కలో ఈ జబ్బువల్ల మరణాలు సుమారు మూడోవంతు తగ్గుతాయనీ వేలాది స్త్రీల వివరాలను ఒకచోట చేర్చి చూసిన అధ్యయనం 2011లో తేల్చింది. ఐదుకు బదులు పదేళ్ళు వాడితే ఇంకా మేలని 2012 చివర ‘అట్లాస్’ అనే అంతర్జాతీయ అధ్యయనం చూపించింది. 2017లో మరొక లెక్క వచ్చింది. ఐదేళ్ళు మాత్రలు వాడి, అప్పటికి ఏ జబ్బూ లేకుండా ఉన్నవారిలో సైతం ఇరవయ్యో ఏటి దాకా కొద్దికొద్దిగా తిరగబెడుతూనే ఉంటుందని. ‘ఐదేళ్ళు దాటితే గట్టెక్కినట్టే’ అన్న నానుడి ఎంత పలచనిదో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఇప్పుడు చెప్పండి, మాత్ర చికిత్స కాదా? కత్తి పట్టినవాడిది మాత్రమే చికిత్స, గోలీ మింగేదానిది ఉత్త అలవాటా?

ఈ గోలీ మింగడం చూడటానికి సులువు. జహీరాబాదు ఎర్రనేల మీద మే నెలలో మిట్టమధ్యాహ్నం నిలబడి చూడండి, టామాక్సిఫెన్ లోపలినుంచి రాజేసే ఆవిరి ఎట్లాంటిదో కొంత తెలుస్తుంది. తరగతిలో పద్యం వివరిస్తూ ఉండగా ఉన్నట్టుండి మెడ నుంచి చెమట దిగజారుతుంది. రెండో రకం మాత్రలైతే పొద్దున్నే వేళ్ళు ముడుచుకోవు, మోకాళ్ళు పట్టేస్తాయి, ఎముకలు గుల్లబారుతాయి. వీటికి ఉపాయాలున్నాయి. మాత్ర మార్చవచ్చు, కాల్షియమూ విటమిన్ డీ ఇవ్వవచ్చు, ఎముకల సాంద్రత చూడవచ్చు, రోజూ నడవమని చెప్పవచ్చు. చెప్పేవారెవరు? బాధ ఓర్చుకోలేక ఒకావిడ మాత్ర మానేస్తుంది. మానేసిన సంగతి ఎవరికీ తెలియదు. తెలుసుకొనే బాధ్యత ఫలానావారిదని ఎక్కడా రాసి లేదు కనుక!

ఇక మా ఊరి సంగతి. హైదరాబాదు నుంచి ముంబై వైపు వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి మీద, నగరానికి సుమారు నూరు కిలోమీటర్ల దూరాన ఉన్నది జహీరాబాదు. కోహీరు, న్యాల్కల్, ఝరాసంగం, మొగుడంపల్లి పల్లెలకు పెద్ద ఊరు మాదే. క్యాన్సరు వస్తే మాత్రం దారి ఒక్కటే, నగరానికి. రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరిట 1955 నుంచి నడుస్తున్న ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి ఉన్నది. 2000లో మొదలైన బసవతారకం ఆసుపత్రి ఉన్నది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, అంతకు ముందు గడ్డను కొంగు చాటున దాచుకొని చచ్చిపోయిన తరగతి స్త్రీలకు ఆపరేషను బల్ల అందింది. ఇది చిన్న విషయం కాదు, కాదనేవారితో నేను పోట్లాడతాను. నా ప్రశ్న ఆపైది. గడ్డ తీయడానికి నగరం కావాలి, సరే. కీమోకూ రేడియేషనుకూ నగరం కావాలి, అదీ సరే. ఆ తరువాత పదేళ్ళపాటు గోలీ పట్టీ కోసమూ, రెండు ప్రశ్నలడిగి చేత్తో తడిమి చూడటం కోసమూ కూడా నగరమే ఎందుకు? ఆ వరండాలో ఆమె కూర్చున్న చోటు, కొత్తగా గడ్డ కనబడి బెదిరిపోయి వచ్చిన ఇంకొకామెకు కావాలి కదా!

దీనికి వచ్చే ఆక్షేపణలను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది: “బస్సు ఉచితమే కదా!” నిజమే. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవారికి ఆర్టీసీ బస్సులో టికెట్టు లేదు. కాని బస్సు ఉచితమైనంత మాత్రాన రోజు ఉచితం కాదు. తెల్లవారకముందు ఎక్కి దీపాలు పెట్టాక దిగే ప్రయాణంలో ఒక దినపు కూలి పోతుంది. అల్లం తవ్వే రోజులో, చెరకు కొట్టే రోజులో అయితే ఆ కూలి మళ్ళీ దొరకదు. ఒంటరిగా వెళ్ళలేదు గనుక తోడు వచ్చినవారి కూలి కూడా పోతుంది. తోడు చాలాసార్లు బడికి పోయే కూతురే. ఆ రోజు హాజరుపట్టీలో ఆ పిల్లకు గైర్హాజరు వేసే చేయి నాది. “ఎందుకు రాలేదే?” అంటే “అమ్మను పట్నం తీస్కపోయిన మేడం” అంటుంది. ఎందుకో చెప్పదు. ఏ పద్దులోనూ ఎక్కని ఖర్చు ఇది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులోనే పది లక్షలకు పెంచారు. సంతోషం. కాని పెద్ద పరిమితి పెద్ద ఖర్చుకు పనికివస్తుంది. పదేళ్ళపాటు నెలనెలా పీల్చే చిన్న ఖర్చుకు ఆ పది లక్షలు ఏమి చేస్తాయి?

రెండో ఆక్షేపణ పెద్దలది, చదువుకున్నవారిది: “ఇది పెద్ద డాక్టర్లు, పెద్ద యంత్రాలు చూడవలసిన జబ్బు. చిన్న ఊరి ఆసుపత్రిలో ఏముంటుంది?” ఇక్కడే మన అజ్ఞానం బయటపడుతుంది. చికిత్స అనంతర పరీక్షలో నిజానికి ఏముంటుంది? మొదటి మూడేళ్ళు మూడు నుంచి ఆరు నెలలకొకసారి, నాలుగు, ఐదు ఏళ్ళలో ఆరు నుంచి పన్నెండు నెలలకొకసారి, ఆ తరువాత ఏడాదికొకసారి రోగిని కూర్చోబెట్టి అడగాలి. ఎముకల్లో విడవని నొప్పి ఉందా, ఆయాసం ఉందా, తగ్గని తలనొప్పి ఉందా, కారణం లేకుండా చిక్కిపోతున్నావా, టామాక్సిఫెన్ వాడుతుంటే ముట్లుడిగాక రక్తం కనబడిందా, పిక్క వాచిందా. ఆపైన కోత మచ్చనూ, రెండో రొమ్మునూ, చంకలనూ, మెడనూ చేత్తో పరీక్షించాలి. మిగిలిన రొమ్ముకు ఏడాదికొక మామోగ్రాము తీయాలి. ఏ లక్షణమూ లేనివారికి మామూలుగా చేయవలసింది ఇంతే.

అంతేనా అని ఆశ్చర్యపోయేవారికి ముప్పై ఏళ్ళనాటి సాక్ష్యం ఉన్నది. ఇటలీలో జరిగిన రెండు పెద్ద అధ్యయనాలు 1994లో వెలువడ్డాయి. ఒకదానిలో 1320 మంది, రెండోదానిలో 1243 మంది స్త్రీలు. చికిత్స ముగిసినవారిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు డాక్టరు పరీక్ష, మామోగ్రాము మాత్రమే. రెండో జట్టుకు వాటితోపాటు వేళతప్పకుండా ఎముకల స్కాను, ఛాతీ ఎక్స్‌రే వంటివి చేశారు. బతికినవారి లెక్కలో జట్లకు తేడా కనబడలేదు. లక్షణాలు లేనివారికి ఊరికే పెట్ స్కాన్లూ రక్తంలో ట్యూమర్ మార్కర్లూ చేయవద్దని అమెరికా క్యాన్సరు వైద్యుల సంఘం మార్గదర్శకాలు ఇప్పటికీ చెబుతున్నాయి. మరి మన దగ్గర? డబ్బున్నవారు మూడు నెలలకొకసారి స్కాను తీయించుకొని, ఫలితం వచ్చేదాకా అన్నం సహించక, వచ్చాక గుడికి పోయి, మళ్ళీ మూడో నెల కోసం వణుకుతూ ఉంటారు. డబ్బులేనివారిని తడిమి చూసే చేయి ఒక్కటీ ఉండదు. అక్కరలేనిది ఒకరికి, అవసరమైనది ఎవరికీ లేదు!

చేయి ఎక్కడిది అంటారా? ముప్పై దాటిన స్త్రీలకు రొమ్ము పరీక్ష చేయాలని 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ విడుదల చేసిన మార్గదర్శకాల్లోనే ఉన్నది. ఏఎన్‌ఎంలకు అందులో తర్ఫీదు ఇవ్వాలని కూడా ఉన్నది. మొదటి గడ్డను వెతకడానికి పనికివచ్చే చేయి రెండో గడ్డను వెతకడానికి పనికిరాదా? సందేహం వస్తే జహీరాబాదు ఏరియా ఆసుపత్రి డాక్టరుకు చూపవచ్చు. మా జిల్లా కేంద్రం సంగారెడ్డిలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. ఏడాదికొక మామోగ్రాముకు అంతకు మించిన చోటు కావాలా? ఇక గోలీల మాట. 2022లోనే తెలంగాణ ప్రభుత్వం బీపీ, షుగరు ఉన్నవారికి పొద్దుటి మందు, మధ్యాహ్నపు మందు, రాత్రి మందు వేరువేరుగా పెట్టుకొనే సంచులు పంచడం మొదలుపెట్టింది. ఆ సంచిలో టామాక్సిఫెన్ పట్టీకి చోటు లేదా? అది అరుదైన మందా అంటే, అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉన్నదే. బీపీ గోలీ మానేస్తే ఆశా కార్యకర్త అడగగలిగినప్పుడు, టామాక్సిఫెన్ మానేస్తే ఎందుకు అడగకూడదు?

మూడో ఆక్షేపణ ఆక్షేపణ కూడా కాదు, శాసనం: “చేయి కదపకు, బరువెత్తకు.” చంకలోని గ్రంథులను తీసివేసినవారికి ఆ చేతిలో నీరు చేరి వాచే అవకాశం ఉన్నది. నెలలకో ఏళ్ళకో రావచ్చు. ఆడవారికి ఇది మొదట ఎక్కడ తెలుస్తుందో ఎరుగుదురా? గాజుల దగ్గర. నిన్నటిదాకా ఎక్కిన గాజు ఇవాళ ఎక్కదు. ఇది నిజమైన బాధ, కాదనను. కాని దానికి మందుగా మనవాళ్ళు విధించిన ‘జీవితాంతం బరువెత్తకు’ అన్న శిక్ష ఎవరికి వర్తిస్తుంది? బిందె ఎత్తకుండా, రొట్టె చరచకుండా, గడ్డిమోపు మోయకుండా మా మండలాల్లో ఏ ఆడది బతుకుతుంది? బతుకమ్మనాడు బతుకమ్మను నెత్తిన పెట్టుకోవడం కూడా నిషేధమే అయిందొకరికి. పండుగనాడు గడప దాటలేదామె.

2009లో అమెరికాలో కాత్రిన్ ష్మిట్జ్ అనే పరిశోధకురాలి బృందం, అప్పటికే చేయి వాచిన 141 మంది స్త్రీలను తీసుకొని, సగం మందితో వారానికి రెండుసార్లు, శిక్షకుల పర్యవేక్షణలో, మెల్లమెల్లగా పెంచుతూ బరువులెత్తించింది. బరువులెత్తినవారికి వాపు పెరగలేదు. పైగా వాపు ఉద్రేకించడం తగ్గింది, బలం పెరిగింది. అంటే చెప్పవలసింది ‘ఎత్తకు’ అని కాదు. తక్కువ బరువుతో మొదలుపెట్టు, నెమ్మదిగా పెంచు, వాపు ఉంటే బిగుతు తొడుగు వేసుకో, బరువుగానో బిగువుగానో అనిపిస్తే ఆగి చూపించు అని. మోచేతికి పైన, కింద పది సెంటీమీటర్ల దూరాన నెలకొకసారి టేపుతో రెండు చేతులూ కొలుచుకోవాలి. రెండు సెంటీమీటర్ల తేడా వస్తే చూపించుకోవాలి. చేయి ఎర్రబారి జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. ఇంతటి ముక్క ఒక కాగితం మీద తెలుగులో రాసి చేతికిస్తే ఒక కూలిమనిషి జీవనాధారం నిలుస్తుంది. నగరంలో నాకు చికిత్స జరిగిన చోట (పేరు ఇక్కడ అప్రస్తుతం) నా చేతికిచ్చిన కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. నేను చదువుకోగలిగాను. నా పక్క కుర్చీలో ఉన్నావిడ ఆ దస్త్రాన్ని ఇంట్లో దేవుడి పటం వెనుక భద్రంగా దాచుకున్నానని చెప్పింది.

నాలుగో ఆక్షేపణ వింటే నాకు ఒళ్ళు మండుతుంది: “చదువు రానివాళ్ళకు ఇవన్నీ ఎక్కడ అర్థమవుతాయి?” అట్లా అనేవారు ఒకసారి మా వైపు రావాలి. పస్తాపూరు కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు, అధికశాతం దళిత స్త్రీలు, కొర్రలూ సామలూ జొన్నలూ వంటి పాత పంటల విత్తనాలను కాపాడి దేశానికి చూపించారు. కెమెరా పట్టి సినిమాలు తీశారు. 2008 అక్టోబరు 15న మాచునూరులో సంఘం రేడియో మొదలుపెట్టి, తమ మాటను తామే గాలిలోకి పంపారు. ఏ విత్తనం ఏ నేలకు, ఏ కార్తెకు అన్న లెక్క తలలో మోసేవారికి నెలకొకసారి చేయి కొలవడం అర్థం కాదా? అర్థం కానిది వారికి కాదు. వారి మాటలో చెప్పడం రానిది మనకు.

మాట అన్నాను కనుక తెలుగు పంతులమ్మగా ఇదొక్కటి చెప్పక తప్పదు. మన ప్రబంధకవులు స్తనవర్ణన చేయని నాయిక లేదు. ఆ పద్యాలకు ప్రతిపదార్థాలు రాసి పట్టాలు పుచ్చుకున్నవాళ్ళం. ఆ అవయవానికే జబ్బు వచ్చేసరికి మనకు నోరు పెగలదు. ‘ఛాతీ జబ్బు’ అంటాం, ‘ఆ జబ్బు’ అంటాం, ‘ఆడవాళ్ళ సమస్య’ అంటాం. ఏ పేరూ పెట్టని జబ్బుకు ఏ ప్రశ్నా అడగలేం. ఇంట్లో మగవారి ముందు ‘రొమ్ము’ అనలేని ఆడపిల్ల, కోత మచ్చ పక్కన కొత్తగా తగిలిన గింజంత గడ్డ గురించి ఎవరికి చెబుతుంది? ఇక మంచం మాట మరీ నిషిద్ధం. ఈ మాత్రలు తెచ్చే పొడితనం, నొప్పి, భర్త మొహం చూడలేని సిగ్గు, ఇవన్నీ ‘ప్రాణం దక్కింది చాలదా’ అన్న ఒక్క వాక్యం కింద పూడ్చిపెట్టబడతాయి. ప్రాణం దక్కినవారికే కదా జీవితం కావలసింది!

చివరి ఆక్షేపణ మంచి మనసున్నవారిది: “నిరాశ మాటలెందుకు? విజేతలను చూపించి ధైర్యం చెప్పాలి.” ఏటా అక్టోబరులో గులాబీ రిబ్బన్ల కింద నిలబెట్టి ‘విజేత’ అని శాలువా కప్పుతారు. ఆ సభల వల్ల పరీక్షకు వచ్చేవారు పెరిగితే నాకు సంతోషమే. కాని ‘విజేత’ అన్న బిరుదులో ఒక మోసం ఉన్నది. గెలిచినవాడికి యుద్ధం ముగిసినట్టు. ఇంకా మందు అడగకూడదు, అలసట చెప్పుకోకూడదు, భయం అసలే చూపకూడదు. తిరగబెట్టితే? ఓడిపోయినట్టా? అది ఆమె ధైర్యం చాలకనా? ఎంతో ధైర్యవంతులు పోయారు, పిరికివాళ్ళమని చెప్పుకొనే మేము మిగిలి ఉన్నాం. జబ్బు తిరగబెట్టడానికి గుణగణాలతో పనిలేదు.

కనుక నేను కోరేవి ఇవి. ఒకటి, చికిత్స ముగిసి నగరం నుంచి వచ్చే ప్రతి స్త్రీ పేరూ తన మండలంలోని ఆరోగ్య కేంద్రం పట్టీలో ఎక్కాలి. ఏ తేదీన పరీక్షకు రావాలో అందులో ఉండాలి. రాకపోతే ఒకరు ఇంటికి వెళ్ళాలి. రెండు, హార్మోను మాత్రలు బీపీ గోలీలు దొరికే చోటే దొరకాలి. మూడు, ఏరియా ఆసుపత్రిలో నెలకొక రోజు ఈ పరీక్షకు కేటాయించాలి. చేతి వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు ఆ రోజు ఉండాలి. నాలుగు, తెలుగులోనూ ఉర్దూలోనూ, సరిహద్దు ఊళ్ళకు కన్నడంలోనూ, పెద్ద అక్షరాలతో ఒకే ఒక కాగితం ఇవ్వాలి. మూడేళ్ళలో అన్ని జిల్లా ఆసుపత్రులలో క్యాన్సరు డేకేర్ కేంద్రాలు పెడతామని, 2025-26లోనే 200 పెడతామని 2025 ఫిబ్రవరి కేంద్ర బడ్జెటులో ప్రకటించారు. అవి కీమో సీసా ఎక్కించి పంపే గదులుగా మిగిలిపోతాయా, పదేళ్ళ మాత్రనూ వాచిన చేతినీ కూడా లెక్కలోకి తీసుకుంటాయా అన్నది ఇప్పుడే అడగాలి. కట్టడం అయ్యాక అడిగితే గోడలే జవాబు చెబుతాయి.

నా వాదంలో లోపముంటే ఖండించండి, బదులు చెబుతాను. ఈలోగా మీ ఇంట్లోనో మీ వాడలోనో ‘అయిపోయిన’ వారొకరు ఉండే ఉంటారు. ఎట్లున్నావు అని అడిగితే బాగున్నానంటారు. అందరూ అదే అంటారు. దానికి బదులు ఈ మూడు అడిగి చూడండి: గోలీలు ఇంకా ఎన్ని రోజులకున్నాయి? చేయి ఎట్లున్నది? ఈ ఏడు మామోగ్రాము అయిందా?